కంటి లేజర్ చికిత్సకు ఒక ఆసుపత్రి సరే అంది, ఇంకొకటి ఆగమంది: ఏ మాట వినాలి?

గాజువాక షిఫ్ట్ ఇంజనీరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 27. గాజువాకలో ఉంటూ పరవాడ ఫార్మా సిటీలోని ఒక కర్మాగారంలో ప్రొడక్షన్ విభాగంలో పనిచేస్తున్నాను. నాలుగో తరగతిలో నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక పక్కవాడి నోటుపుస్తకంలో చూసి రాసుకుంటున్నానని మాస్టారు కనిపెట్టి ఇంటికి కబురు పంపిన నాటి నుంచీ కళ్లజోడు పెట్టుకుంటున్నాను. ప్రస్తుతం కుడి కంటికి మైనస్ 6, సిలిండర్ (కంటి వంపులోని హెచ్చుతగ్గులను సరిచేసే పవర్) మైనస్ 1; ఎడమ కంటికి మైనస్ 6.5, సిలిండర్ మైనస్ 0.75. రెండేళ్లుగా ఈ పవర్ మారలేదు.

లేజర్ చికిత్స చేయించుకోవాలన్న ఆలోచన నాకు అందం కోసం కలగలేదు. రియాక్టర్ మూత తెరిచి లోపల పొడి వేసేటప్పుడు మేము ముఖమంతా కప్పే మాస్కు పెట్టుకోవాలి. కళ్లజోడు కాడలు చెవుల వైపు వెళ్లే చోట మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోదు. వెంట్రుకవాసి సందు దొరికినా చాలు, ద్రావకం ఘాటు లోపలికి వచ్చేస్తుంది. పోనీ జోడు తీసేద్దామంటే ప్రెషర్ గేజి మీద ముల్లు ఎక్కడుందో కనబడదు. అందుకని, ప్లాంటులో కాంటాక్ట్ లెన్సులు వాడకూడదన్న నిబంధన ఉన్నప్పటికీ, మూడేళ్లుగా దొంగచాటుగా మెత్తని లెన్సులు పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నాను. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదని నాకూ తెలుసు.

గత నెలలో నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్లాను. డ్యూటీ నుంచి నేరుగా వెళ్లడం వల్ల లెన్సులు అక్కడే, వరండాలో కూర్చుని తీశాను. గంట తరువాత స్కాను తీశారు. డాక్టరు గారు నాతో మాట్లాడింది ఐదు నిమిషాలు. ఆ తరువాత అరగంట సేపు కౌన్సెలర్ గారు ప్యాకేజీల గురించి వివరించారు. రెండు కళ్లకూ కలిపి లాసిక్‌కు 42 వేలు, స్మైల్ అనే పద్ధతికి 95 వేలు అన్నారు. నెలాఖరులోగా డబ్బు కడితే కొంత తగ్గిస్తామనీ, 19 ఏళ్ల మా తమ్ముణ్ని కూడా తీసుకువస్తే ఇంకా తగ్గిస్తామనీ చెప్పారు. తమ్ముడికి మైనస్ 2.5 ఉంది, వాడు రైల్వే పరీక్షలకు చదువుతున్నాడు. బీమా సంగతి అడిగితే, పవర్ 7.5 ఉంటే వస్తుందనీ, కాగితం మీద ఆ మేరకు రాయించుకోవడం పెద్ద పనేమీ కాదనీ నవ్వుతూ అన్నారు.

మనసు ఒప్పక ఇంకొక చోటికి వెళ్లాను. అక్కడి డాక్టరు గారు కుర్చీలో కూర్చోగానే అడిగిన మొదటి మాట, "లెన్సులు ఎప్పుడు తీశారు?" అని. ముందు రోజు రాత్రి తీశానని చెప్పాను. స్కాను తీయించి, కుడి కన్ను కార్నియా మందం 508 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎడమ కన్నుది 502 మైక్రాన్లు ఉందనీ, రెండు కళ్లలోనూ కింది భాగం కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తోందనీ, లెన్సులు పూర్తిగా మానేసి మూడు వారాల తరువాత రమ్మనీ పంపించారు. డబ్బు ప్రస్తావనే తేలేదు.

ఒకే కంటిని చూసి ఇద్దరు ఇంత వేరుగా ఎలా చెప్పగలరు? మూడు వారాలు ఆగినందువల్ల నిజంగా తేడా వస్తుందా, లేక ఇది అతిజాగ్రత్తా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ద్వారకానగర్ ఆప్టోమెట్రిస్టు

రెండో డాక్టరు గారు మిమ్మల్ని అడిగిన మొదటి మాటలోనే మీకు కావలసిన జవాబు ఉంది. నేను పద్నాలుగేళ్లుగా కళ్ల పరీక్షలు చేస్తున్నాను. శస్త్రచికిత్స చేసేవాణ్ని కాను, కొలతలు తీసేవాణ్ని. అందుచేత కొలతల గురించే మాట్లాడతాను.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. ఎంత మెత్తని లెన్సయినా రోజూ పది పన్నెండు గంటలు దాని మీద కూర్చుంటే, వాచీ పట్టీ తీసిన తరువాత మణికట్టు మీద గుర్తు మిగిలినట్లే, ఆ పొర ఆకృతిలో మార్పు మిగులుతుంది. కాకపోతే ఈ గుర్తు గంటలో పోయేది కాదు. మెత్తని లెన్సులైతే కనీసం ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు, ఒక్కొక్కరికి అంతకన్నా ఎక్కువ కాలం మానేసిన తరువాతే నమ్మదగిన కొలత వస్తుంది. లెన్సు తీసిన గంటకే తీసిన స్కానులో కనిపించేది లెన్సు నొక్కిన కార్నియాయే తప్ప మీ అసలు కార్నియా కాదు. లేజర్ యంత్రం ఎంత ఖరీదైనదైనా తనకు ఇచ్చిన అంకెల ప్రకారమే చెక్కుతుంది. ఆది కొలత తప్పితే కుట్టుపని ఎంత బాగున్నా చొక్కా ఒంటికి పట్టదు.

ఇక ఆ కింది ఉబ్బెత్తు మాట. అది రెండు కారణాల వల్ల కనిపించవచ్చు. ఒకటి, నేను చెప్పిన లెన్సు ఒత్తిడి; ఇది లెన్సులు మానేస్తే సర్దుకుంటుంది. రెండోది కెరటోకోనస్ అనే జబ్బు తొలి దశ. ఇందులో కార్నియా క్రమంగా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. అటువంటి కంటి మీద లాసిక్ చేస్తే, అసలే బలహీనంగా ఉన్న గోడను ఇంకా చెక్కినట్లవుతుంది. కొన్ని నెలలకో ఏళ్లకో కార్నియా ఉబ్బిపోయి, కళ్లజోడుతో కూడా సరిచేయలేని వంకర చూపు మిగులుతుంది. ఈ రెండింటినీ ఒక్క స్కానుతో విడదీయడం కష్టం. వ్యవధి ఇచ్చి మళ్లీ చూడటమే మార్గం. కాబట్టి ఆ మూడు వారాలు అతిజాగ్రత్త ఎంతమాత్రం కాదు.

మీరు కళ్లు నులుముకుంటారా? పిడికిలి ముడిచి, వేలి కణుపులతో గట్టిగా రుద్దే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. కెరటోకోనస్‌కూ ఆ అలవాటుకూ గట్టి సంబంధం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందేమో కూడా కనుక్కోండి.

ఇప్పుడు మీరు ఇచ్చిన అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. ఇది ఉజ్జాయింపు మాత్రమేనని గుర్తుంచుకోండి. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కొక్క డయాప్టర్ (అద్దాల పవర్‌ను కొలిచే యూనిట్) పవర్‌కు సుమారు 14 మైక్రాన్ల పొర పోతుంది. మీ ఎడమ కంటికి సిలిండర్‌తో కలిపి 7.25 సరిచేయాలి, అంటే దాదాపు 101 మైక్రాన్లు. లాసిక్‌లో దానికి ముందు 110 మైక్రాన్ల మందాన ఒక పొరను కోసి పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పుతారు. చెక్కిన తరువాత ఆ పేజీని తిరిగి మూసినా, అది కంటికి మునుపటి బలం ఇవ్వదు. కాబట్టి 502లోంచి 110, 101 తీసేస్తే లోపల పనికొచ్చే మందం 291 మిగులుతుంది. 250కి దిగకూడదన్నది పాత హద్దు. ఇప్పుడు చాలామంది 300 దగ్గరే ఆగుతున్నారు. కోసిందీ చెక్కిందీ కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే ప్రమాదం పెరుగుతుందన్నది ఇంకొక కొలమానం. మీకు అది 42 శాతం అవుతోంది. కుడి కన్ను కూడా హద్దు మీదే ఉంది. ఆకృతి నిక్కచ్చిగా ఉన్న కన్నయితే దీని మీద చర్చించవచ్చు. కింద ఉబ్బెత్తు అనుమానం కూడా ఉన్న కన్ను విషయంలో ఐదు నిమిషాల్లో సరే అనడం నాకు అర్థం కాలేదు.

బీమా గురించి ఒక మాట. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలలో 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ దృష్టిదోషాన్ని సరిచేసే ఖర్చు మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. కాగితం మీద పవర్ పెంచి రాయించడం మోసమన్న సంగతి అటుంచండి, మీకే నష్టం. మీకు అరవై ఏళ్లు వచ్చి శుక్లాల ఆపరేషన్ చేయవలసి వచ్చినప్పుడు, కంటిలో ఏ పవర్ లెన్సు పెట్టాలో లెక్క కట్టడానికి లేజర్ చికిత్సకు ముందునాటి పవర్, కార్నియా వంపు ఎంతో ఉపయోగపడతాయి. ఆ కాగితాలలో అబద్ధం రాసి ఉంటే ఆనాటి వైద్యుడు దాన్నే నమ్ముతాడు.

తమ్ముడి విషయం: 19 ఏళ్లకు పవర్ ఇంకా పెరుగుతూ ఉండటం మామూలే. కనీసం ఏడాది పాటు అర డయాప్టర్‌కు మించి మారకుండా నిలిచిన తరువాతే ఆలోచించాలి. ఇద్దరికి కలిపి తగ్గించడానికి ఇదేమైనా చీరల దుకాణమా?

మధురవాడ వాసి

నేను ఏడేళ్ల కిందట, 34వ ఏట లాసిక్ చేయించుకున్నాను. మైనస్ 4.5 ఉండేది. పై లెక్కలన్నీ నాకు అప్పుడు తెలియవు, ఎవరూ చెప్పలేదు. నా అదృష్టం కొద్దీ కార్నియా మందంగానే ఉందట. చేయించుకున్నవారికి ఎలా ఉంటుందో చెబుతాను.

చికిత్స బల్ల మీద పడుకున్న సమయం మొత్తం పావుగంట కూడా కాదు. మత్తు చుక్కలు వేయడం వల్ల నొప్పి లేదు. కానీ పొర కోయడానికి కంటి మీద ఒక వలయం బిగించినప్పుడు గట్టిగా నొక్కినట్లయి, కొన్ని క్షణాలు చూపు పూర్తిగా నల్లబడిపోయింది. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే అంత బెదిరిపోయేదాన్ని కాను. తరువాత వెలుగుతున్న చుక్క వైపే చూడమన్నారు. టకటకమనే చప్పుడు, దానితోపాటు వెంట్రుక కాలినట్లు వాసన వచ్చింది. ఇంటికి వచ్చాక నాలుగైదు గంటలు ఉల్లిపాయలు తరిగినట్లు నీళ్లు కారాయి. రాత్రి నిద్రలో రుద్దుకోకుండా ప్లాస్టిక్ మూతలు అంటించుకుని పడుకున్నాను. మర్నాడు పరీక్షకు వెళ్తూ బీచ్ రోడ్డులో ఆటో దిగాను; డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభమూ, రేవులోకి పిలుపు కోసం లంగరేసుకుని ఉన్న ఓడల వరుసా జోడు లేకుండా ఒక్కొక్కటిగా కనిపించాయి. అక్కడే నిలబడి ఏడ్చాను. వైద్యులు ఏడవవద్దన్నారో లేదో గుర్తు లేదు.

ఇది ఒక వైపు. రెండో వైపు, కళ్లు పొడిబారడం. పొర కోసినప్పుడు కార్నియాలోని సన్నని నరాలు తెగుతాయనీ, అవి తిరిగి పెరిగేదాకా కంటికి తడి ఆరిందన్న సమాచారం సరిగా అందదనీ నాకు తరువాత తెలిసింది. రుషికొండ కొండ మీది మా ఆఫీసులో రోజంతా ఏసీ, ఎదురుగా తెర. మధ్యాహ్నం మూడయ్యేసరికి రెప్పల కింద ఇసుక పోసినట్లు ఉండేది. గంటకొకసారి కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. తరువాత చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చుక్కల సీసా నా సంచిలో ఉంటుంది. చికిత్సకు ముందు కన్నీటి పరీక్ష, అంటే రెప్ప అంచున చిన్న కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడుస్తుందో చూసేది, నాకు చేయలేదు. మీరు పట్టుబట్టి చేయించుకోండి. ముఖ్యంగా ద్రావకాల మధ్య పనిచేసేవారికి పొడి కళ్లు ఎంత బాధో ఊహించగలను.

రాత్రిపూట బండి నడపడం ఇంకొకటి. మొదటి ఆరు నెలలు ఎండాడ దగ్గర హైవే మీద ఎదురుగా వచ్చే లారీ దీపాల చుట్టూ గుండ్రని వెలుగు వలయాలు కనిపించేవి. చీకట్లో కనుపాప పెద్దదై, లేజర్ చెక్కిన భాగం అంచులు దాటి వెలుగు లోపలికి వస్తే అలా అవుతుందన్నారు. క్రమంగా అలవాటైపోయింది, తగ్గిందో, నాకే పట్టింపు పోయిందో చెప్పలేను.

ఇప్పుడు నాకు 41. పప్పులో రాయి కనబడటం లేదు. చత్వారం మొదలైంది, ప్లస్ 1 అద్దాలు వచ్చాయి. లేజర్ దూరపు చూపును సరిచేస్తుంది కానీ చత్వారాన్ని ఆపదు. నలభై దగ్గర పడుతున్నవారు ఈ సంగతి తెలిసే దిగాలి. అయినా ఆ ఏడేళ్లూ నాకు బాగానే గడిచాయి. మళ్లీ ఆ రోజుకు తీసుకువెళ్లి చేయించుకుంటావా అని అడిగితే చేయించుకుంటాను, ఈసారి ప్రశ్నలు అడిగి మరీ చేయించుకుంటాను.

కంచరపాలెం రిటైర్డ్ లోకో పైలట్

బాబూ, నీ తమ్ముడి గురించే రాస్తున్నాను. నేను వాల్తేరు డివిజన్‌లో ముప్పై మూడేళ్లు రైలు నడిపి రిటైరైనవాణ్ని. మీ తమ్ముడు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి చదువుతున్నట్లయితే లేజర్ గదిలో అడుగు పెట్టనివ్వవద్దు. ఆ ఉద్యోగానికి వైద్య ప్రమాణం ఎ-1. జోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. అంతే కాదు, దృష్టిదోషానికి లేజర్ గానీ ఇంకొక శస్త్రచికిత్స గానీ చేయించుకున్నవారిని తీసుకోరు. మా మేనల్లుడు జోడు ఉంటే ఉద్యోగం రాదని అప్పు చేసి లాసిక్ చేయించుకున్నాడు. రాత పరీక్షలు రెండూ, ఆ తరువాత కంప్యూటర్ మీద పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షా గట్టెక్కి, వైద్య పరీక్షలో చెక్కిన కార్నియా బయటపడి ఆగిపోయాడు. ప్రకటనలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. పిల్లలు ఖాళీల సంఖ్య చూస్తారు, వైద్య ప్రమాణాల పేజీ తిప్పరు.

జోడు ఉన్నవాళ్లకు రైల్వేలో దారి లేదని కాదు. బి-1 శ్రేణి ఉద్యోగాలకు 4 డయాప్టర్లు దాటని జోడుతో అనుమతి ఉంది. మీ వాడి మైనస్ 2.5 అందులో ఇముడుతుంది. మన ఊళ్లో నేవీకి ప్రయత్నించే కుర్రాళ్లు కూడా చాలామందే కాబట్టి వాళ్లకూ చెబుతున్నాను: ఏ శాఖకు ఏ నిబంధనో ప్రకటనలో చదివి, ఆ తరువాతే కంటి మీద చేయి వేయించుకోండి.

ఎంవీపీ కాలనీ

అందరూ కలిసి ఆయన్ను భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. నేను పదేళ్ల కిందట చేయించుకున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ఈ చికిత్స నిన్న మొన్న పుట్టింది కాదు. 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో, మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ గారూ ఆయన సహచరులూ పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌ను ప్రయోగించి చూశారు. చుట్టుపక్కల మాడకుండా, కత్తితో గీసినంత శుభ్రంగా గాడి పడింది. ఇవాళ కార్నియా చెక్కుతున్నది ఆ కిరణమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1995లో పీఆర్‌కే పద్ధతికీ, 1998లో లాసిక్‌కూ అనుమతి ఇచ్చింది. ఇంత చరిత్ర ఉన్న దాన్ని అనుమానించడం ఎందుకు? ఆ 95 వేల స్మైల్ పద్ధతిలో పేజీలా పొర కోయడమే ఉండదు కదా, అప్పుడు ఈ మైక్రాన్ల బెడద కూడా ఉండదు.

ద్వారకానగర్ ఆప్టోమెట్రిస్టు

ఎంవీపీ కాలనీ వారికి: చికిత్సను నేను అనుమానించలేదు, ఆ కంటిని అనుమానించాను. సరైన కంటికి ఇది చాలా మంచి చికిత్స. మీరు చెప్పిన చరిత్రంతా నిజమే. ఆ కిరణం పరమాణు బంధాలను విడగొట్టి కణజాలాన్ని తీసివేస్తుంది కాబట్టే వేడి పక్కకు పాకదు. అయితే అది ఎంత శుభ్రంగా తీసినా, తీసిన పొర తిరిగి పెరగదు.

స్మైల్ విషయంలో మీ మాట సగం నిజం. అందులో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కార్నియా లోపలే పప్పుబద్దలాంటి ఒక ముక్కను వేరు చేసి, కొద్ది మిల్లీమీటర్ల సందులోంచి బయటకు లాగుతారు. పెద్ద పొర లేవదు కాబట్టి దెబ్బ తగిలితే అది జరిగిపోతుందన్న భయం ఉండదు, ఎక్కువ నరాలు తెగవు, పైభాగపు గట్టి పోగులు చాలావరకు నిలుస్తాయి. రసాయనాల మధ్య పనిచేసేవారికి ఇవి చిన్న లాభాలు కావు. కానీ తీసే ముక్క మందం లాసిక్‌కన్నా తక్కువేమీ కాదు, కాస్త ఎక్కువే ఉంటుంది. కెరటోకోనస్ అనుమానం ఉన్న కంటికి స్మైల్ కూడా తగదు.

పీఆర్‌కేలో పొర కోయరు. పైనున్న 50 మైక్రాన్ల మెత్తని తొడుగును గీకి, దాని కింద నేరుగా చెక్కుతారు. ఆ తొడుగు కొద్ది రోజుల్లో తిరిగి పెరుగుతుంది. మూడు నాలుగు రోజులు మాత్రం నొప్పి గట్టిగానే ఉంటుంది, చూపు నిలకడ పడటానికి వారాలు పడుతుంది. పలచని కార్నియాలకు చాలామంది దీన్నే ఎంచుకుంటారు. ఆకృతి బాగా లేకపోతే లేజర్‌ను పూర్తిగా పక్కన పెట్టి, కనుపాప వెనుక పలచని లెన్సు అమర్చే ఐసీఎల్ గురించి ఆలోచిస్తారు. దానికి కంటి ముందు గదిలో సుమారు 3 మిల్లీమీటర్ల లోతు ఉండాలి, కంటి ఒత్తిడి ఎలా ఉందో ఆ తరువాత ఏటా చూపించుకోవాలి.

ఇంజనీరు గారూ, మరొకటి. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవారి కనుగుడ్డు సాగి ఉంటుంది, దాంతోపాటు కంటి వెనుక గోడన ఉండే పొర, అంటే రెటీనా అంచులు కూడా పలచబడి ఉండవచ్చు. లేజర్ ముందుభాగాన్ని చెక్కుతుందే కానీ వెనుకభాగాన్ని పొట్టి చేయదు. జోడు పోయినా ఆ ప్రమాదం పోదు. కాబట్టి పాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా కూడా చూపించుకోండి. కార్నియా విషయంలో మూడో అభిప్రాయం కావాలంటే హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉంది. స్కాను కాగితాలను వెంట తీసుకువెళ్లండి. అవి మీవి, అడిగి తీసుకోండి.

గాజువాక షిఫ్ట్ ఇంజనీరు

ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. లెన్సులు ఆనాడే మానేశాను. కళ్లు నులుముకునే అలవాటు గురించి అడిగారు. లేదని రాయబోయి మా అమ్మను అడిగాను. "షిఫ్టు నుంచి రాగానే నువ్వు చేసే మొదటి పని అదే" అంది.

మూడు వారాలు నిండాక రెండో ఆసుపత్రిలో మళ్లీ స్కాను తీశారు. కుడి కంటిలో కింది ఉబ్బెత్తు దాదాపు పోయింది. సిలిండర్ మైనస్ 1 ఉండేది మైనస్ 0.5కు దిగింది, అంటే నెలాఖరు తగ్గింపు కోసం పరిగెత్తి ఉంటే నా కంటిలో లేని సిలిండర్‌ను కూడా చెక్కేవారన్నమాట. ఎడమ కన్ను మాత్రం అంత మారలేదు. మందం 499 వచ్చింది, ఉబ్బెత్తు తగ్గింది కానీ ఉంది. జబ్బని ఇప్పుడే ముద్ర వేయననీ, లాసిక్, స్మైల్ రెండూ వద్దనీ, ఆరు నెలల తరువాత ఇంకొక స్కాను తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మీదటే పీఆర్‌కే మాటో ఐసీఎల్ మాటో ఎత్తుదామనీ డాక్టరు గారు అన్నారు. రెటీనా చూశారు, రంధ్రాలేమీ లేవన్నారు. కన్నీటి పరీక్ష నేనే అడిగి చేయించుకున్నాను, మధురవాడ వారికి కృతజ్ఞతలు.

ఇంత జరిగాక మా సేఫ్టీ ఆఫీసరు గారి దగ్గరకు వెళ్లి లెన్సుల సంగతి ఒప్పేసుకున్నాను. చీవాట్లు పెట్టారు, పెట్టాక బీరువా తెరిచి ఒక పొట్లం తీశారు. మాస్కు తయారుచేసే సంస్థే ఇచ్చిన చిన్న ఫ్రేము అది. కాడలు ఉండవు, మాస్కు లోపల అద్దానికి ఎదురుగా తీగతో బిగుస్తుంది. అలాంటివి రెండు, అట్ట కూడా విప్పకుండా బీరువాలో పడి ఉన్నాయి. జోడు ఉన్నవారు అడిగితే ఇవ్వడానికట. మూడేళ్లలో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆశీలుమెట్ట దగ్గర ఒక దుకాణంలో నా పవర్‌కు అద్దాలు కోయించి అందులో పెట్టించాను. మొన్న సోమవారం రాత్రి షిఫ్టులో మొదటిసారి వేసుకున్నాను. ముక్కు దగ్గర కొంచెం ఒత్తుతోంది, కిందికి వంగితే ఆవిరి పడుతోంది. కానీ ఘాటు రాలేదు, గేజి మీద ముల్లు 2.4 దగ్గర ఉందని ఆరడుగుల దూరం నుంచే చదివాను.

తమ్ముడు బి-1 ఉద్యోగాల జాబితా ముందేసుకుని కూర్చున్నాడు. కంచరపాలెం పెద్దాయనకు నమస్కారాలు చెప్పమన్నాడు.

ఆప్టోమెట్రిస్టు గారికి ఒక చివరి ప్రశ్న. నాలుగో తరగతి నుంచి నాకు రాసిన పవర్ చీటీలు కొన్ని మా అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది, పన్నెండో పదమూడో ఉన్నాయి. వచ్చే స్కానుకు వెళ్లేటప్పుడు అవన్నీ తీసుకువెళ్తే సిలిండర్ ఏ వయసులో ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి డాక్టరు గారికి పనికొస్తాయా?

ద్వారకానగర్ ఆప్టోమెట్రిస్టు

తప్పకుండా తీసుకువెళ్లండి, తేదీల వరుసలో పేర్చి మరీ. చాలామంది పాత చీటీలు పారేస్తారు. మీ అమ్మగారు మాకు సగం పని తగ్గించారు.